అన్నం దగ్గర రాజకీయాలా? ఎందుకు కూడదు!

"అన్నం దగ్గర రాజకీయాలెందుకు, మాట్లాడకుండా తినండి!" ఈ మాట వినపడని ఇల్లు ఉంటుందా? పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. గొడవపడుతూ తింటే తిన్నది ఒంటబట్టదని వాళ్ళ భయం. ఎన్నికలొస్తే చాలు, అన్నదమ్ములు చెరో పార్టీ అయిపోయి, సగం తిన్న కంచం వదిలి లేచిపోయే ఇళ్ళు మన మార్కాపురం, గిద్దలూరు వైపు లేవా?

ఇక పుట్టిల్లు ఒక పార్టీ, మెట్టినిల్లు మరో పార్టీ అయితే ఆ కోడలి అవస్థ చెప్పక్కర్లేదు. "మీ నాన్నోళ్ళ పార్టీ ఏం వెలగబెట్టిందో చూశాంగా" అని ఎవరో ఒక మాట విసురుతారు. ఆ పిల్ల తల వంచుకుని పప్పు వడ్డిస్తుంది. అలాంటి ఇంట్లో మౌనమే ఆమెకు రక్ష. "భయపడకు, మాట్లాడు" అని బయట నుంచి సలహా ఇవ్వడం తేలికే!

అయినా సరే, అన్నం దగ్గర రాజకీయాలు మాట్లాడుకోవలసిందే అంటాను. కాకపోతే ఏ రాజకీయాలు అన్నదే అసలు ప్రశ్న.

ఒక్కసారి గమనించండి. మన ఇళ్ళలో రాజకీయాలు మానేసిందెవరు? మగవాళ్ళు టీవీ చూస్తూ, రొట్టె తుంచుకుంటూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. మనం వేడివేడిగా కాల్చి తెచ్చి, అందరికీ వడ్డించి, చివర్లో కంచం ముందు కూర్చునేసరికి వాళ్ళు చేతులు కడిగేసుకుంటారు. చర్చ అయిపోతుంది. అంటే ఆ నియమం ఎవరికి వర్తిస్తున్నట్టు? మనకే కదా!

పోనీ, నాయకుల పేర్లు పక్కన పెడదాం. కంచం పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు చూడండి. మన పశ్చిమ ప్రాంతంలో ఎన్నో ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు ముందు పళ్ళు, తర్వాత ఎముకలు దెబ్బతింటాయి. కాచితే పోయేది కాదది, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే క్యాన్లు కొంటున్నాం. ఆ డబ్బులు ఇంటి ఖర్చులోంచే పోతున్నాయి. ఇది వంటింటి సంగతా, రాజకీయమా?

వెలిగొండ సంగతే తీసుకోండి. ఈ ప్రాంత కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్ళను కొండల కింద రెండు సొరంగాల గుండా నల్లమల సాగర్‌కు తేవాలని, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలని లక్ష్యం. శంకుస్థాపన 1996లో. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చి 6న. అప్పటికీ ముంపు ఊళ్ళ జనానికి పునరావాసం పూర్తి కాలేదు. 1996లో పుట్టిన ఆడపిల్ల ఆనాటికి 28 ఏళ్ళది. బిందె మోసిన తల్లికి, బిందె మోసిన ఆ పిల్లకు నడుమ ఎన్ని ప్రభుత్వాలు మారాయి! ఈ లెక్క అడగవలసింది నీళ్ళు మోసినవాళ్ళు కాక మరెవరు?

ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు పాఠంలో సారా ప్రస్తావన రాగానే తమ ఇంటి గోడు చెప్పుకున్నారు. అందరి గోడూ ఒక్కటే అని తెలిసింది. రోసమ్మ లాంటివాళ్ళు ముందు నడిచారు. 1992లో ఊరి సారా దుకాణం దగ్గర మొదలైన ఆ మాట జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మొగుడు కూలి డబ్బులు తాగేస్తే అది "ఇంటి గుట్టు" అనుకుని ఊరుకుని ఉంటే, ఈ చరిత్రే లేదు.

కాబట్టి, మన ఇళ్ళకు పనికొచ్చే పద్ధతులు నాలుగు చెప్తాను. మొదటిది, రోజుకు ఒక్కపూటైనా అందరూ కలిసి తినాలి. గిన్నెలు మధ్యలో పెట్టుకుంటే ఎవరికి వారే వడ్డించుకోవచ్చు. రెండోది, నాయకుడితో మొదలు పెట్టకూడదు, పనితో మొదలు పెట్టాలి. కుళాయి, బడి, ఆసుపత్రి, రేషను, ఏదైనా సరే. మూడోది, ఎవరి పుట్టింటినీ, ఎవరి కులాన్నీ మాటల్లోకి లాగకూడదు. నాలుగోది ముఖ్యమైనది. "నువ్వు ఓటు ఎవరికి వేశావు?" అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. చట్టం మనకిచ్చిన రహస్యం అది, కట్టుకున్నవాడికైనా చెప్పక్కర్లేదు.

2024 ఎన్నికల్లో మన రాష్ట్ర ఓటర్ల జాబితాలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళమే ఎక్కువ. పంచాయతీల్లో సగం సీట్లు మనవి. అయినా ఎన్నో ఊళ్ళలో సర్పంచి కుర్చీలో ఆమె పేరు, పెత్తనం ఆయనది! ఇంట్లో అన్నం దగ్గర నోరు విప్పనివ్వని ఆడపిల్ల, రేపు పంచాయతీ ఆఫీసులో ఎలా విప్పుతుంది? పక్కన కూర్చుని మగపిల్లాడూ చూస్తూనే ఉంటాడు. అమ్మ మాటకు నాన్న చెవి ఒగ్గే ఇంట్లో పెరిగితే, రేపు వాడూ తన భార్య మాట వింటాడు.

గొడవలు రావా అంటారా? వస్తాయి. కూరలో ఉప్పు ఎక్కువైనా వస్తున్నాయిగా! ఉప్పు గురించి అరిచే గొంతులు నీళ్ళ గురించి కాస్త మాట్లాడితే తప్పేముంది చెప్పండి?