నింగి చూపు... నేల సాక్ష్యం!

భూమి చుట్టూ వేల ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఏ మూల ఏముందో ఇట్టే ఫొటో తీసి పంపేస్తున్నాయి. మరి మోకాలి లోతు బురదలో, ముసురుకునే దోమల మధ్య, పొడవాటి కడ్డీలు భుజాన వేసుకుని శాస్త్రవేత్తలు ఇంకా ఎందుకు నడుస్తున్నట్టు? సైబీరియా చిత్తడి నేలలకు మ్యాపు తయారైన తీరు చూస్తే జవాబు దొరుకుతుంది.

రష్యాలో ఉరల్ పర్వతాలు దాటి తూర్పుకి వెళ్తే యెనిసెయ్ నది దాకా పరచుకుని ఉంటుంది పశ్చిమ సైబీరియా మైదానం. అంతా బల్లపరుపే. వాన నీరు, మంచు కరిగిన నీరు పారేందుకు వాలు లేక ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. ఓబ్, ఇర్తిష్ నదుల మధ్యనున్న వస్యుగాన్ చిత్తడి ఒక్కటే దాదాపు 53 వేల చదరపు కిలోమీటర్లు. స్విట్జర్లాండ్ మొత్తం అందులో పట్టేస్తుంది!

పొరల కింద ఖజానా

నిలవ నీటిలో గాలి ఆడదు. పైగా విపరీతమైన చలి. దాంతో చచ్చిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్లిపోకుండా పొర మీద పొరగా పేరుకుంటాయి. దాన్నే పీట్ అంటారు. ఏడాదికి పెరిగేది ఏ మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. కానీ ఆ పని 11 వేల ఏళ్లకు పైగా సాగుతోంది. మొక్కలు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ అంతా ఆ పొరల్లో బందీ అయిపోయింది. తవ్వి తీసిన పీట్ నమూనాలు, పాత రష్యన్ సర్వేల రికార్డులు, ఉపగ్రహ చిత్రాలు కలిపి అమెరికా, రష్యా శాస్త్రవేత్తలు 2004లో దీనికి లెక్క కట్టారు. పీట్ నేలలు 5.92 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులోని కార్బన్ 7,021 కోట్ల టన్నులు. ప్రపంచమంతా బొగ్గు, చమురు, గ్యాస్ మండించి గాలిలోకి వదిలే కార్బన్ ప్రకారం చూస్తే అది సుమారు ఏడేళ్ల లెక్కతో సమానం.

అయితే ఈ నేలలు దాచుకోవడమే కాదు, వదులుతాయి కూడా. నీటి అడుగున ఉండే సూక్ష్మజీవుల వల్ల మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువది. ఎంత వస్తోందో తెలుసుకోవాలంటే నేల మీద ఓ పెట్టె బోర్లించి, లోపల చేరిన గాలిని సిరంజితో తీసి పరీక్షించాలి. ఒక పెట్టె కొలిచేది చాప పట్టేంత చోటు కూడా కాదు. లక్షల చదరపు కిలోమీటర్లకు లెక్క తేలేదెలా? అక్కడే మ్యాపుతో పని పడింది.

ఒక చుక్క... 22 సెంట్లు

1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. కంటికి కనిపించే రంగులతో పాటు పరారుణ కాంతినీ ఇవి పట్టుకుంటాయి. నీరు ఆ కాంతిని మింగేసుకుని నల్లగా కనిపిస్తుంది. పచ్చని ఆకు తిప్పికొట్టి మెరుస్తుంది. ఆ తేడాలను బట్టి కంప్యూటర్ ఇది చెరువు, ఇది అడవి అని విడదీస్తుంది.

చిక్కల్లా ఇక్కడే. ఈ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మన లెక్కలో సుమారు 22 సెంట్లు. సైబీరియా చిత్తడిలో అంత చోటులోనే ఓ గట్టు, పక్కనే ఓ పల్లం, మధ్యలో నీటి మడుగు ఉంటాయి. గట్టు మీద మీథేన్ అంతంతమాత్రం. పల్లంలో ఎక్కువ. రెండూ కలిసి ఒకే చుక్కలో కనిపిస్తే లెక్క తప్పినట్టే. పైనుంచి ఒకేలా పచ్చగా కనిపించే రెండు చోట్లలో ఒకటి వాన నీటితోనే బతికేది కావచ్చు, మరొకటి భూగర్భ జలం ఊరేది కావచ్చు.

అందుకే కాళ్లకు పని చెప్పక తప్పదు. పోనీ వెళ్లడం తేలికా అంటే కాదు. చలికాలంలో నేల గడ్డకడితే దాని మీదుగా బండ్లు పోతాయి. ఆ దారులను అక్కడివాళ్లు జిమ్నిక్‌లు అంటారు. కానీ అప్పుడు మొక్కలన్నీ మంచు కింద ఉంటాయి. మొక్కలు కనిపించే వేసవిలో ఆ దారులే ఊబులు! ఆ కొద్ది నెలల్లోనే వెళ్లి పీట్ లోతు, నీటి మట్టం, పెరిగే నాచు, గడ్డి రకాలు రాసుకుని రావాలి.

పశ్చిమ సైబీరియా టైగా అడవుల ప్రాంతానికి రష్యా శాస్త్రవేత్తలు, వారి విదేశీ సహచరులు చేసిన మ్యాపు 2016లో వెలువడింది. 28 చోట్ల నేల మీద సేకరించిన వివరాలను, మరింత స్పష్టంగా ఉండే చిత్రాలను చూపించి కంప్యూటర్‌కు గుర్తుపట్టడం నేర్పారు. ఒక్కో రకం చిత్తడిలో గట్లెంత, పల్లాలెంత అన్నది ఆ స్పష్టమైన చిత్రాలతోనే తేల్చారు. మొత్తం విస్తీర్ణం 5.24 కోట్ల హెక్టార్లని తేలింది. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా దానికి సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే! అందులో 33 శాతం గట్లు, పల్లాలు కలిసిన నేల. మరో 23 శాతం స్థానికులు ర్యామ్‌లు అని పిలిచే గిడస పైన్ చెట్ల చిత్తడి. ఆ తర్వాత 1,082 చోట్ల సరిచూసుకుంటే మ్యాపు 79 శాతం సరిపోయింది. తప్పిన 21 శాతాన్నీ దాచకుండా చెప్పారు.

మాయమైన చెరువులు

మ్యాపులను పక్కపక్కన పెడితే కాలం చేసిన మార్పూ కనిపిస్తుంది. 1973 నాటి చిత్రాలను 1997-98 నాటి వాటితో పోల్చి 2005లో శాస్త్రవేత్తలు ఓ సంగతి బయటపెట్టారు. సైబీరియాలో 40 హెక్టార్లకు మించిన చెరువులు 10,882 నుంచి 9,712కు తగ్గాయి. 125 అయితే ఆనవాలు లేకుండా ఎండిపోయాయి. విచిత్రమేమిటంటే బాగా ఉత్తరాన, నేలంతా ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండేచోట చెరువుల విస్తీర్ణం 12 శాతం పెరిగింది! గడ్డకట్టిన నేల పైపైన కరిగితే నీరు నిలిచి చెరువు పెరుగుతుంది. ఆ పొర అడుగుదాకా కరిగిపోతే చెరువు నీరంతా భూమిలోకి ఇంకిపోతుంది. ఒకే వేడి, ఒకచోట చెరువును పెంచింది, మరోచోట మింగేసింది.

ఈ మార్పు ఎక్కడో సైబీరియాకే పరిమితం కాదు. చలికాలంలో కొల్లేరుకు, పులికాట్‌కు వచ్చే సూదితోక బాతులు గుడ్లు పెట్టేది ఉత్తరాది చిత్తడి నేలల్లోనే. కొల్లేరును 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఇక్కడి సరస్సును కాపాడుకోవడం ఎంత అవసరమో, అక్కడి చిత్తడి ఉండటం కూడా ఆ పక్షులకు అంతే అవసరం.

2022లో ఉక్రెయిన్ యుద్ధం ముదిరాక పాశ్చాత్య దేశాల శాస్త్రవేత్తలు సైబీరియాకు వెళ్లడం చాలావరకు ఆగిపోయింది. రష్యా కేంద్రాల సమాచారం లేకపోతే ఆర్కిటిక్ మార్పులపై అంచనాలు దారి తప్పుతాయని 2024లో వచ్చిన ఓ అధ్యయనం హెచ్చరించింది. ఉపగ్రహాలకు సరిహద్దులు అడ్డు కావు. అవి ఇప్పటికీ ఆ చిత్తడి నేలల మీదుగా వెళ్తూనే ఉన్నాయి, ఫొటోలు పంపుతూనే ఉన్నాయి. అందులోని ఒక్కో చుక్క గట్టో, పల్లమో తేల్చి చెప్పాల్సిన మనుషులే అక్కడ తగ్గిపోయారు.