బీరువాలో ఒక్క హార్డ్ డిస్కేనా?

కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలు, పిల్లలు పెళ్ళి వీడియోలూ ఫోటోలూ అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి తోసేస్తారు. సి డ్రైవ్ నిండిపోయి ఉంటే ఖాళీ చేశాక కంప్యూటర్ తేలికపడే మాట నిజమే. కానీ అక్కడ తీసేసి ఇక్కడ పెడితే మిగిలేది ఒక్క కాపీనే కదా! దాన్ని దాచడం అనరు, చోటు మార్చడం అంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. బీరువా కింది అరలో డిస్కు ఉంటే ఏమవుతుందో చెప్పాలా?

ఆవకాయ పెద్ద జాడీ కదపకుండా, వాడకానికి చిన్న జాడీలోకి తీసుకుంటాం. డిస్కులూ అంతే, రెండుండాలి. రెండోది పుట్టింట్లోనో, మేడ మీద ఉండే అక్కయ్య ఇంట్లోనో పెట్టాలి. ఆరు నెలలకోసారి తెచ్చి తెరిచి చూసి, కొత్తవి చేర్చాలి. దండగ ఖర్చంటారు మగవాళ్ళు. పోయిన అత్తగారి గొంతున్న వీడియో ఏ షాపులో దొరుకుతుందో వాళ్ళనే చెప్పమనండి.

వాడేదాన్ని ‘ఇజెక్ట్’ కొట్టకుండా వైరు పీకకండి. లోపల పళ్ళెం తిరుగుతుండగా కదపకండి. టకటకమని చప్పుడు మొదలైతే, ఇంకా తెరుచుకుంటుండగానే ఆ పూటే కాపీ తీసేసుకోండి.