'ఇప్పటికి ఇది చాల్లే' అంటే పోయే రంగులు

పాత సినిమా అనగానే మన కళ్ల ముందు కదిలేది నలుపు తెలుపు బొమ్మే. మాటలు వచ్చిన చాలా ఏళ్లకు గానీ తెరకు రంగులు రాలేదని మనలో చాలామంది నమ్మకం. తెలుగు వరకు అది నిజమే. 1932లో 'భక్త ప్రహ్లాద' మాట్లాడింది. 1963లో 'లవకుశ' పూర్తిగా రంగుల్లో వచ్చింది. మధ్యలో ముప్పై ఒక్క ఏళ్లు! మనం కాపురముంటున్న ఈ అమెరికాలో కథ వేరు. ఇక్కడ మాట, పాట, రంగు దాదాపు ఒకేసారి తెరకెక్కాయి. 1929, 1930 సంవత్సరాల్లో హాలీవుడ్ కంపెనీలు పోటీలు పడి రంగుల సంగీత చిత్రాలు తీశాయి. వాటిలో ఈనాడు ఇంటికి తెచ్చుకుని చూడగలిగినవి ఏవని వెతికితే సంతోషం కొంత, దిగులు కొంత కలుగుతాయి. ఆ వెతుకులాటలో మన తెలుగువాళ్లకు పనికొచ్చే పాఠం ఒకటుందని మా అభిప్రాయం.

ముందు ఆ రంగు సంగతి. అప్పటి టెక్నికలర్‌కు తెలిసినవి రెండే రంగులు: ఎరుపు, ఆకుపచ్చ. కెమెరాలోకి వచ్చిన వెలుతురును పట్టకంతో రెండుగా చీల్చి, ఒక పాయను ఎర్ర ఫిల్టరు గుండా, రెండో పాయను ఆకుపచ్చ ఫిల్టరు గుండా పంపి, జంట బొమ్మలుగా పట్టేవారు. ప్రింటు వేసేటప్పుడు ఆ రెండింటికీ రంగులద్ది ఒకదాని మీద ఒకటి వేసేవారు, మన పెడన కలంకారీలో అచ్చు మీద అచ్చు వేసినట్టు. ఒంటి ఛాయ, ఇటుక రంగు చక్కగా పలికేవి. అసలైన నీలం మాత్రం వచ్చేది కాదు. తమాషా ఏమిటంటే, 1930లో యూనివర్సల్ వారు తీసిన 'కింగ్ ఆఫ్ జాజ్'లో ముఖ్యమైన అంశం పేరే 'రాప్సొడీ ఇన్ బ్లూ'! లేని నీలాన్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? సెట్ల రంగులు ఏరికోరి కూర్చి, నెమలికంఠం ఛాయ దాకా తెచ్చి తృప్తిపడ్డారు.

ఇక మిగిలినవాటి సంగతి. పూర్తిగా మాటలతో, పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి పెద్ద చిత్రం వార్నర్ బ్రదర్స్ వారి 'ఆన్ విత్ ద షో' (1929). ఎథెల్ వాటర్స్ పాడిన పాట అందులోనే ఉంది. ఆ సినిమా డీవీడీ వచ్చింది గానీ, అది నలుపు తెలుపు. అసలు రంగు ప్రింటులో ఓ ఇరవై సెకన్ల ముక్క 2005లో బయటపడింది. చరిత్రకెక్కిన రంగుకు సాక్ష్యం అలాంటి తునకలే!

అదే ఏడాది కాసుల వర్షం కురిపించిన 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ బ్రాడ్‌వే'ది ఇంకో రకం కష్టం. అప్పట్లో ఆ కంపెనీ సినిమాల ధ్వని ఫిల్ము మీద ఉండేది కాదు, పెద్ద గ్రామఫోను రికార్డుల మీద ఉండేది. ఆ రికార్డులు దొరికాయి. బొమ్మలో మాత్రం చివరి భాగం, కొన్ని ముక్కలు తప్ప మిగల్లేదు. 2007లో 'ద జాజ్ సింగర్' మూడు డిస్కుల డీవీడీ వేసినప్పుడు ఆ రంగుల భాగాన్ని కొసరుగా చేర్చారు. 'శాలీ', 'ద షో ఆఫ్ షోస్' లాంటివి నలుపు తెలుపుగా బతికి, ఒక్కో పాటకే రంగు నిలుపుకున్నాయి. ఎమ్‌జీఎమ్ వారి 'ద రోగ్ సాంగ్' చెల్లాచెదురైన తునకలుగా మిగిలింది.

అదృష్టవంతులూ ఉన్నాయి. ఎడ్డీ కాంటర్ నటించిన 'హూపీ' (1930) రంగులతో సహా దక్కింది. 'కింగ్ ఆఫ్ జాజ్'ను 1933లో మళ్లీ విడుదల చేసినప్పుడు బాగా కత్తిరించేశారు. చాలా ఏళ్ల తర్వాత వేర్వేరు చోట్ల ఉన్న భాగాలను వెతికి తెచ్చి, దొరకని చోట నిశ్చల చిత్రాలు పెట్టి, 2016లో పునరుద్ధరించారు. 2018లో క్రైటీరియన్ వారు దాన్ని బ్లూ-రేగా వేశారు. ఎనభై ఎనిమిదేళ్ల నాటి రంగు మన వరండా గదిలోకి వచ్చి కూర్చుంది.

మిగతావి ఎందుకు పోయినట్టు? ఆనాటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, అంటుకోకపోతే కుళ్లిపోయేది. అదొక్కటే కారణం కాదు. 1930 గడిచేసరికి పాటల సినిమాలంటే జనానికి మొహం మొత్తింది. 1950లలో టీవీల వాళ్లు పాత సినిమాలు అడిగారు. టీవీలే నలుపు తెలుపు కాబట్టి నలుపు తెలుపు కాపీలు తీసి ఇచ్చారు. రంగు ప్రింటును ఎవరూ పట్టించుకోలేదు. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. 'ఇప్పటికి ఇది చాల్లే' అనుకున్నవాళ్లే అందరూ. ఆ చాల్లే అన్న మాటే సినిమాల కొంప ముంచింది. 1929 నాటి సినిమాల హక్కులు 2025 జనవరి 1న ఈ దేశంలో ప్రజలపరమయ్యాయి. ఎవరైనా వేసుకోవచ్చు. వేసుకోవడానికి బొమ్మ ఉండాలి కదా!

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. 'భక్త ప్రహ్లాద' ప్రింటు లేదు. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్ని ప్రమాదంలో ఎన్నో పాత భారతీయ చిత్రాల నైట్రేట్ రీళ్లు కాలిపోయాయి. మిగిలినవాటిని మనమెలా చూస్తున్నాం? మూలన కంపెనీ ముద్ర, మొహాలు అలుక్కుపోయిన బొమ్మ, సగానికి నరికిన పద్యం, నిడివి తగ్గించడానికి ఎత్తేసిన పాట. అయినా 'కథ అర్థమవుతోందిగా, చాల్లే' అంటున్నాం. ఆనాటి టీవీ కాపీకీ ఈనాటి మన కాపీకీ తేడా ఎక్కడుంది?

'అంతా ఇంటర్నెట్‌లో దొరుకుతుంటే డిస్కులెందుకండీ' అని అడిగే మిత్రులున్నారు. వాళ్లన్నదీ సబబే, వెతకడం సులువు, ఖర్చూ లేదు. కానీ అక్కడ ఈరోజు ఉన్నది రేపు ఉంటుందని హామీ లేదు. పైగా ఏ ప్రింటు నుంచి తీశారో, ఎంత కోశారో చెప్పే నాథుడు ఉండడు. మంచి డిస్కు అట్ట మీద ఆ వివరాలు ఉంటాయి. తపాలాలో డిస్కులు పంపే నెట్‌ఫ్లిక్స్ సేవ 2023లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు మనకు పెద్ద దిక్కు ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీయే. అక్కడ లేకపోతే వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించమని అడగవచ్చు. అడిగితేనే గదా అరలో ఉంచుతారు!

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి మూడు ముక్కల్లో. ఈ సెలవుల్లో 'కింగ్ ఆఫ్ జాజ్' తెచ్చి పిల్లలకు చూపించండి. నీలం ఎక్కడుందో వెతకమనండి. తెలుగు పాత సినిమా కొనేటప్పుడు అట్ట వెనక నిడివి చూడండి. అసలు నిడివికి తగ్గితే అమ్మేవాళ్లను ఎందుకని అడగండి. బాగున్న ప్రతికి నాలుగు డాలర్లు ఎక్కువైనా వెనకాడకండి. మూడోది, అటక మీది పాత క్యాసెట్లు, వీసీడీలు పారేసే ముందు ఒకసారి మాకు చెప్పండి. ఇప్పటి కాపీల్లో లేని పాటో, పద్యమో వాటిలో ఉండవచ్చు. బడి లైబ్రరీలో ఒక అర వాటికి కేటాయిద్దాం.

మన పిల్లలకు అచ్చులు, హల్లులు నేర్పడానికి ప్రతి శనివారం ఇంత అవస్థ పడుతున్నాం. రేపు వాళ్లకు తెలుగు వచ్చాక వినడానికి ఆ పద్యాలు పూర్తిగా ఉండాలి. అది చూసుకోవాల్సిన వాళ్లం మనమే.