రథము ఏది?

కఠోపనిషత్తు శరీరమును రథముగాను, ఆత్మను రథికునిగాను, బుద్ధిని సారథిగాను నిరూపించినది. నేటి లోకము రథికుని మరచి రథమునకే వెల కట్టుచున్నది. 1928లో బొంబాయిలో జనరల్ మోటార్స్ కూర్చనారంభించిన షెవర్లే వంటి అమెరికా కార్లు నేడు సంగ్రాహకులకు అపురూప వస్తువులు.

వాటి మూల్యమంతయు ఒక్క ప్రశ్నపై నిలిచియున్నది: ఇది ఆ కారేనా? 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయముగా మారని వాహనమునకే 2021 నాటి కేంద్ర నిబంధనలు వింటేజ్ గుర్తింపునిచ్చుచున్నవి. బందరు ఉప్పుగాలికి ఆ నిబంధన తెలియదు. తుప్పు తినిన రేకు మార్చక తప్పదు. ఎన్ని మార్చిన పిదప అది వేరొకటి యగును?

దివిసీమలో ఘంటసాల స్తూపమును నిలిపిన బౌద్ధులకు ఈ ప్రశ్న క్రొత్త కాదు. ఇరుసు రథమా, చక్రము రథమా యని నాగసేనుడు మిళిందుని ప్రశ్నించి, రథమనునది వ్యవహార నామమేయని తేల్చెను. పూరీలోను ఏటేట రథము క్రొత్తది, పేరు నందిఘోషమే.

"నామమాత్రమే యైనచో, మార్చిన ఇంజనును దాచి అమ్ముట దోషమేల?" యని కొందరందురు. ఈ వాదము నిలువదు. పూరీలో మార్పు సర్వజన విదితము. విపణిలో అది గూఢము. నామము వ్యవహారమైనచో, వ్యవహారమునకు ప్రాణము సత్యమే. కావున గుడివాడలో నైనను, బందరులో నైనను, పాత బండి నమ్మువాడు మార్చిన ప్రతి భాగమును చెప్పియే వెల యడుగవలెను.

తుప్పు ఇనుమునకు సహజము. అసత్యము సారథియైన బుద్ధికి పట్టిన తుప్పు. దానికి మారు భాగము ఏ అంగడిలోను దొరకదు.