మన మీటరు గేజి యింజనును మనమే మలచుకొనవలెను

జర్మనీలోని నూరెంబర్గు నగరమున లేమాన్ అను బొమ్మల సంస్థ 1968లో ఎల్‌జీబీ పేరిట పెద్ద కొలత రైళ్లను అంగళ్లకు పంపినప్పుడు, ఐరోపా కొండసీమలలో నడుచు మీటరు గేజి బండ్లను ఆదర్శముగా గైకొని, వానిని ఇరువదిరెండున్నరవ వంతునకు కుదించి, 45 మిల్లీమీటర్ల పట్టాలపై నడిపించినది. వేయి మిల్లీమీటర్లను ఇరువదిరెండున్నరచే భాగించినచో నలువదినాలుగుకు పైచిలుకు వచ్చును గనుక, ఆ బొమ్మ పట్టాలు నిజమైన మీటరు గేజికి ఇంచుమించు సరియైన ప్రతిరూపములు. గుంటూరు నుండి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, కంభము, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటి గుంతకల్లు చేరు దారియు, గుంటూరు నుండి పల్నాటి నడుమగా మాచెర్లకు పోవు దారియు 1990ల దాక మీటరు గేజి దారులే. కావున పత్తి చేలను, మిరప కల్లములను ఒరసికొనుచు తరతరములు నడచిన మన బండికి తగిన చక్రములు, తగిన పట్టాలు పరదేశపు బొమ్మల పెట్టెలలో సిద్ధముగా ఉన్నవి. లేనిది ఒక్కటే: ఆ చక్రములపై నిలుపదగిన మన యింజను.

అట్టి యింజను ఎవరో అచ్చుపోసి అమ్ముదురని ఎదురుచూచుట వ్యర్థమని నా నిశ్చితాభిప్రాయము. దొరకిన చిన్న యింజనును కొని, దాని పైభాగమును కోసి, వేరొక బొమ్మ నుండి కొన్ని భాగములు తెచ్చి చేర్చి, లేనివానిని రేకుతోను తీగెతోను కల్పించి, దానిని మన దారి యింజనుగా మార్చుటయే మనకు తగిన మార్గము. ప్రపంచమంతట బొమ్మ రైళ్ల అభిమానులు దీనిని కిట్‌బ్యాషింగ్ అందురు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రమునకై ఆకాశనౌకలను నిర్మించిన శిల్పులు సైతము అంగడిలో దొరకు యుద్ధశకటముల, విమానముల నమూనా పెట్టెలను విప్పి, ఆ ముక్కలనే అతికి పని జరుపుకొనిరి.

ఇది పిల్లల ఆట యనువారు కలరు. ప్రతి మరయు స్వహస్తములతో చేసినగాని పనితనము కాదనువారును కలరు. మొదటివారికి సమాధానము ఈ వ్యాసములో ముందు ముందు దొరకును. రెండవవారితో మాత్రము ఇప్పుడే వాదింపవలసియున్నది. పళ్లచక్రములను మోటారుతో కూర్చి, చక్రములు తడబడక తిరుగునట్లు చేయుట యంత్రాగారపు పని; ఆ సూక్ష్మతను ఇంటి బల్లమీద సాధింపబూనిన వారిలో పలువురు అచ్చటనే విసిగి, యింజను ముఖము చూడకయే పని విడిచెదరు. కాని బాయిలరు పొడవు, పొగగొట్టపు వంపు, డ్రైవరు నిలుచు గూటి కప్పు వాలు, వీనిని నిర్ణయించునది కన్ను, జ్ఞాపకము. ఒకరు చేసిన అడుగుభాగముపై మరియొకరు ఒడలు కట్టుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు: విజయవాడ ఆటోనగరులో లారీలు అట్లే పుట్టుచున్నవి; చాసిస్ కర్మాగారము నుండి వచ్చును, దానిపై కాబిను, బాడీ, రంగులు, పూలతీగెలు మనవారు కట్టుదురు. తెనాలిలో సూర్య శిల్పశాల నడుపు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత యినుమును, నట్లను, బోల్టులను అతికి నిలువెత్తు విగ్రహములు చేసి దేశమంతట పేరుగాంచిరి. 2021లో వారు పాత సామానుతో నిర్మించిన ప్రధాని విగ్రహము పదునాలుగడుగులది. వేరొక పనికై పుట్టిన వస్తువులో తనకు కావలసిన రూపమును పోల్చుకొను చూపు గుంటూరు మండలమున ఇట్లు సజీవముగా నుండగా, దానిని రైలింజను వైపు త్రిప్పుట కష్టము కానేరదు.

ఏ యింజనును ఎన్నుకొనవలెను? ఆవిరి చివరి దశలో మీటరు గేజిని ఏలినవి వైపీ, వైజీ తరగతులు. వైపీ ప్రయాణికుల బండ్లకు, వైజీ సామాను బండ్లకు. గంభీరమైన యింజనులే, కాని వైపీని ఈ కొలతలో చేసినచో బొగ్గును, నీటిని మోయు టెండరుతో కలిపి రెండున్నర అడుగులకు మించును. ఎల్‌జీబీ చిన్న వలయపు పట్టాల వ్యాసార్ధము 600 మిల్లీమీటర్లే గనుక, అంత పొడవైన యింజను ఆ వంపులో తిరుగజాలదు. మేడమీది నాలుగైదు అడుగుల జాగాలో హాయిగా తిరుగునది మూడు జతల చక్రముల చిన్న యింజను. భారతదేశపు మీటరు గేజి దారులలో తొలినాళ్ల నుండి విరివిగా పనిచేసిన ఎఫ్ తరగతి అట్టిదే. ఆ తరగతికి చెందిన ఎఫ్-734 అను యింజను 1895లో అజ్మీరు కర్మశాలలో తయారై, మన దేశమున సంపూర్ణముగా నిర్మితమైన తొలి యింజనుగా పేరొంది, నేడు ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియములో నిలిచియున్నది. చిన్న యింజనులో ప్రతి గొట్టమునకును ప్రయోజనమేమో తెలిసికొనవచ్చును. పెద్ద యింజనును చూచి ఆశ్చర్యపడవచ్చును గాని, పూర్తిగా ఎరుగుట బహు కాలపు పని. ఈ కారణమున కూడ నేను చిన్నదానికే ఓటు వేయుదును.

పని మొదలిడిన పిమ్మట తొలుత తీసివేయవలసినది గూడు. చలిదేశపు యింజను గూడు నలువైపుల మూసి, చిన్న కిటికీలతో నుండును. ఎండలో నడచు మన యింజను గూటికి ప్రక్కలు తెరపియై, కప్పు వెలుపలికి చాచుకొని యుండవలెను. ముందరి మూడు చిన్న దీపములను పీకి, పొగగొట్టము మొగమున ఒకే పెద్ద దీపమును నిలుపవలెను. బొమ్మ కొక్కెమును తీసి, మీటరు గేజి గురుతైన నడిమి బఫరును, దాని క్రింద పశువులను త్రోయు కడ్డీల చట్రమును, ప్రక్కన నిలువుగా లేచు వ్యాక్యూమ్ బ్రేకు గొట్టమును అమర్చవలెను. ఈ మార్పులతోనే యింజను దేశము మారిపోవును. తరువాత వచ్చునది సూక్ష్మాలంకరణ. కాలమును, ఓరిమిని, ఆనందమును కోరు భాగమిది. ఇరువది మిల్లీమీటర్ల రివెట్టు తల ఈ కొలతలో ఒక మిల్లీమీటరునకు లోపుగనే యుండును. పలుచని ప్లాస్టిక్ రేకును రబ్బరు ముక్కపై బోరగిల వేసి, మొద్దుబారిన సూదితో వెనుకనుండి వరుసగా నొక్కినచో ఆ తలలు ముందువైపున పొడుచుకొని వచ్చును. వరుస ఒక్క చోట వంకరవోయినను కన్ను అచ్చటనే ఆగును గనుక, గీత గీసికొనక నొక్కరాదు.

గొట్టములకు కావలసిన రాగితీగె కొరకు దూరము పోనక్కరలేదు. బోరుబావుల మోటార్లు కాలిపోవుటయు, వానికి వైండింగు చుట్టుటయు నిత్యకృత్యమైన ఈ మండలములలో పల్లెపల్లెకు ఒక వైండింగు దుకాణము కలదు. అచ్చట తీసివేసిన పాత తీగె అన్ని మందములలోను దొరకును. ఎనామెల్ పూతను ఆకురాయితో గీకి, రెండు పట్టకారులతో సాగదీసి తిన్నన చేసిన తీగె, నీటిని బాయిలరులోనికి పంపు ఇంజెక్టరు గొట్టములకు చక్కగా నప్పును. ఇచ్చట ఒక నియమమును గట్టిగా చెప్పదలచితిని: ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలియని గొట్టమును ఎన్నడును అతుకరాదు. నీరు టెండరునుండి వచ్చును, ఇసుక డబ్బానుండి చక్రము మొగమునకు జారును, ఆవిరి డోమునుండి సిలిండరునకు పోవును. ఈ మూడు త్రోవలను వ్రేలితో చూపగలిగిన బాలుడు ఆవిరియంత్రమును గూర్చిన పాఠమును నిజముగా నేర్చినవాడు. పిల్లల ఆట యనువారికి ఇదియే నా సమాధానము.

రంగు వేయుట యనగా నలుపు పూసి విడుచుట కాదు. పని చేసిన యింజను మేనిపై అది తిరిగిన నేల వ్రాసిన వ్రాత యుండును. అమెరికాలో జాన్ ఆలెన్ అను కళాకారుడు, 1973లో మరణించువరకు, కొత్త బొమ్మను మసిబట్టిన పాత బండిగా మార్చుటయే ఒక కళగా నిలిపెను. కాని ఆయన చూపిన మసిని మనము దించుకొన్నచో అది కాలిఫోర్నియా మసియే యగును. పల్నాడు సున్నపురాతి నేల. అచ్చటి సిమెంటు కర్మాగారములకు ఆధారము ఆ రాయియే. అట్టి నేలలో ఊరిన కఠినమైన నీటిని మరగించు యింజనుకు సేఫ్టీ వాల్వు చుట్టును, ఇంజెక్టరు చివరను తెల్లని చారలు కట్టును. గుంటూరు వైపు చక్రములకు, చట్రమునకు రేగడి నేల బూడిదవన్నె ధూళి పట్టవలెను. వినుకొండ దాటిన పిదప అందు ఎఱ్ఱమట్టి కలియవలెను. టెండరులో నింపుటకు దక్షిణాది రైళ్లను పోషించిన సింగరేణి బొగ్గునే నలుగగొట్టి, జల్లెడ పట్టి వాడవచ్చును. పట్టాల క్రింది కంకరకు చీమకుర్తి గ్రానైటు గనుల రాతిపొడి, మార్కాపురము పలకల చెక్కులు కావలసినంత కలవు. ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల రేణువులను ఏరినచో ఆ కంకర కొలతకు సరిపోవును. రెంటచింతల ఎండను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు గాని, నల్లరంగు వేసిన పలుచని ప్లాస్టిక్ కప్పు వేసవి మేడమీద వంగిపోవును. ఈ ప్రాంతమున కప్పును ఇత్తడి రేకుతో చేయుటయే మేలు.

ఇంత పూనికతో చేసిన యింజనుపై ఏ అక్షరములు వ్రాయవలెనను ప్రశ్న వచ్చినప్పుడు పని చరిత్రలోనికి ప్రవేశించును. ధాత కరువు తరువాత, కరువుసీమలకు ధాన్యము చేర్చు ఉద్దేశముతో తలపెట్టి, సదరన్ మరాఠా కంపెనీ 1890 ప్రాంతమున ముగించినది గుంటూరు, గుంతకల్లుల నడిమి దారి. 1908లో ఆ కంపెనీ మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారినది. 1951లో దక్షిణ రైల్వే వచ్చినది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. అక్షరములను బట్టి దీపము మారును, ఒక్కొక్కప్పుడు గూటి కప్పు కూడ మారును. కావున నమూనాకారుడు ఒక సంవత్సరమును ఎన్నుకొని, ఆ సంవత్సరమునకు లోబడి పని చేయవలెను. ఇదియే ఆ పనికి గల క్రమశిక్షణ.

కాని ఆధారములెక్కడ? 1992లో ఒకే గేజి విధానము వచ్చిన పిమ్మట మన దారులలోని మీటరు గేజి పట్టాలు లేచిపోయినవి. దొనకొండలో ఆవిరి యింజనుల లోకో షెడ్డు ఉండెడిదని పెద్దలు చెప్పుదురు. అందు పనిచేసిన ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, డ్రైవర్లు నేడు కడు వృద్ధులు. గూటిలో టీ కుండ ఎచ్చట పెట్టెడివారో, ఎండకు ఏ గుడ్డ కట్టెడివారో, పార ఏ మూల నిలిచెడిదో వారు చెప్పగలరు, పటములు చెప్పవు. తేదీ వేసిన ఒక పాత పెండ్లి ఫోటో వెనుక కనబడు యింజను భాగము కూడ ఈ పనిలో అమూల్యమే. ఇట్టి ఫోటోలు నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు ఇండ్లలో పెట్టెల అడుగున తప్పక ఉండునని నా నమ్మకము.

2003 ఏప్రిల్ 1న ఏర్పడిన గుంటూరు రైల్వే డివిజను అధికారులకు నా మనవి ఇది: పాత యింజనుల, టెండర్ల, పెట్టెల, స్టేషను కట్టడముల కొలత పటములు ఎచ్చటనైన మిగిలియున్నచో, ప్రతులను నకలు ఖర్చు మాత్రము తీసికొని విద్యార్థులకు ఇప్పింపుడు. అలంకారమునకై నిలిపిన పాత యింజనులకు దట్టమైన రంగులు పూయుటకు ముందు, వానిని టేపుతో కొలచి, వ్రాసికొనుటకు పాలిటెక్నిక్ విద్యార్థులను అనుమతింపుడు. రంగుపై రంగు పడినచో రివెట్ల వరుసలు పూడిపోవును. గుంటూరు, ఒంగోలులలోని పాలిటెక్నిక్ కళాశాలలు మెకానికల్ శాఖ చివరి ఏటి ప్రాజెక్టుగా ఇట్టి యొక యింజనును స్వీకరింపవచ్చును: అడుగుభాగము కొన్నది, ఒడలు తాము కట్టినది, కొలతల పుస్తకము తాము వ్రాసినది. ఆ పుస్తకము తెలుగులో, షెడ్డువారు వాడిన మాటలతోనే ఉండవలెను. అందుకై ఆ వృద్ధులను ఈ వేసవికి ముందే కలిసికొనవలెను.