నేల తుడవడం చదువు కాదా?

"నేల తుడవడానికి చదువులెందుకు?" అని ఎకసెక్కం చేసే మగమహారాజులకో జవాబు చెప్పాలి.

అమెరికాలో మా అమ్మాయింట్లో నేల ఓక్ చెక్కది. వార్నిష్ కాదు, నూనె పట్టించింది. వెళ్లిన మర్నాడే బకెట్టుతో నీళ్లు గుమ్మరించి, ఇనపపీచుతో రుద్దాను. "అమ్మా, నీళ్లు పోశావా!" అని లబోదిబోమంది పిల్ల. చెక్క ఉబ్బింది, రుద్దినచోటల్లా నల్లమచ్చలు!

అప్పుడు నేర్చుకున్నాను. అలాంటి నేలమీద పైపొర ఉండదు. నూనె చెక్కలోకే ఇంకుతుంది. మెత్తని చీపురుతో ఊడ్చి, గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. వన్నె తగ్గినచోట పల్చగా నూనె రాసి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. గీత పడితే అంతమేరే బాగుచేసుకోవచ్చు.

ఇక ఆ నూనెగుడ్డ! అవిసెనూనె గాలి తగిలి ఆరుతూ వేడెక్కుతుంది. ఉండచుట్టి మూల పడేస్తే అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. 1991లో ఫిలడెల్ఫియాలో పనివాళ్లు వదిలేసిన అలాంటి గుడ్డలవల్లే 38 అంతస్తుల భవనం తగలబడింది. మంటలార్పబోయిన ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ గుడ్డని నీళ్లలో తడిపి, మూతున్న రేకుడబ్బాలో ఉంచాలి.

ఒక్క నేల తుడవాలంటేనే ఇన్ని తెలియాలి! అయినా మనం "ఊరికే ఇంట్లో కూర్చున్నవాళ్లమే"నా? మీరే చెప్పండి.