తప్పు పద్దులో పడిన జమ

ఊరుగాని ఊళ్లో పిల్లవాడికి జబ్బు చేసిందని ఇంటికి ఫోన్ చేసి చూడండి. ఎన్నిసార్లు వాంతి అయింది, ఒంటికి పోశాడా అని అడిగేవారు ఒకరుంటే, వర్జ్యం చూసుకుని బయల్దేరారా, కొత్త చొక్కా వేసి సాయంత్రం పూట సముద్రం ఒడ్డున తిప్పారా, ఎవరి కన్ను పడింది అని అడిగేవారు పదిమంది ఉంటారు. ఈ పదిమందీ చెడ్డవాళ్లేం కాదు. పిల్లవాడంటే ప్రాణం పెట్టేవాళ్లే. వాళ్ల ప్రేమతో నాకు పేచీ లేదు. పేచీ అంతా వాళ్లు వేసే లెక్కతోనే.

నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. వైద్యం నాకు రాదు. ఏ రూపాయి ఏ పద్దు కింద రాయాలో చూడడం మాత్రం వచ్చు. ఉద్యోగమంతా చేసింది అదే. ఆ కళ్లతోనే ఈ విషయం చూస్తున్నాను.

నిరుడు కుటుంబమంతా అండమాన్ వెళ్లాం. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు) ఫీనిక్స్ బే జెట్టీకి దగ్గర్లో లాడ్జి. దీవులకు వెళ్లే ప్రభుత్వ పడవలు ఎక్కేది ఆ జెట్టీలోనే. ఆ ఉదయం మాకు నీల్ దీవికి టికెట్లు ఉన్నాయి. తెల్లవారుజామున ఐదేళ్ల మనవడికి వాంతులు మొదలయ్యాయి, వెనకే నీళ్ల విరేచనాలు. అమ్మాయి విశాఖలో ఉన్న అత్తగారికి ఫోన్ చేసింది. ఆవిడ నాతో మాట్లాడుతూ, "అన్నయ్యగారూ, దిష్టే. ఇక్కడ ఫొటో పెట్టి తీసేస్తాను. టికెట్లు దండగ చేసుకోకండి, పడవ దిగేసరికి లేచి ఆడుకుంటాడు" అన్నారు.

ఈ మాటలో ప్రమాదం ఎక్కడుందో గమనించండి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తే పిల్లవాడి ఒంటికి ఏమీ కాదు. కానీ "తీసేశాం, ఇక తగ్గిపోతుంది" అన్న నమ్మకంతో పడవ ఎక్కితే? పెద్దాసుపత్రి ఉన్నది పోర్ట్‌బ్లెయిర్‌లో. చిన్న దీవికి వెళ్లాక మధ్యాహ్నం పిల్లవాడు సొమ్మసిల్లితే, తిరిగి రావడానికి పడవ వేళ కోసం ఎదురు చూడాలి. సముద్రం బాగా లేకపోతే ఆ పడవా ఉండదు. "మందు మందే, మొక్కు మొక్కే, రెండూ చేస్తే నష్టమేమిటి?" అని అడిగేవారికి నా జవాబు ఇదే. రెండూ చేస్తామనేవారు చాలాసార్లు మొక్కును చూసుకుని మందును వాయిదా వేస్తారు. చిన్నపిల్లల విరేచనాల్లో ఆ వాయిదాకే ప్రాణం పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలు ఏటా సుమారు 4.4 లక్షల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు. వారిలో ఎంతోమందిని చంపేది ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోవడం.

మేం పడవ ఎక్కలేదు. మందుల షాపు తెరిపించి ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చాం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పొట్లం మొత్తం కలిపాం. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టించాం. నేను చేసిందల్లా ఒక నోటు పుస్తకంలో గీత గీసి, ఎడమవైపు తాగింది, కుడివైపు పోయింది, టైముతో సహా రాయడమే. పొద్దెక్కాక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ఆ కాగితం చూసి, పిల్లవాడి చర్మం గిల్లి చూసి, సెలైన్ అక్కర్లేదు, ఇదే కొనసాగించండి, అన్నం మానిపించకండి అని, జింకు మందు రాశారు. మూడో రోజుకు లేచి తిరిగాడు.

ఆ మూడో రోజే విశాఖ నుంచి ఫోన్ వచ్చింది. "చూశారా, దిష్టి తీశాక ఎలా తగ్గిందో!"

నా అభ్యంతరం ఇక్కడే. పిల్లల్లో వచ్చే నీళ్ల విరేచనాలు చాలామటుకు వైరస్‌ల వల్ల వచ్చి, కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ కొద్ది రోజులు ఒంట్లో నీరు తగ్గకుండా కాపాడుకోవడమే మన పని. వాటంతటవే తగ్గేవాటికి ముందు ఏం చేసినా, తగ్గిన ఘనత దానికే దక్కుతుంది. దిష్టి తీస్తే దిష్టికి, తాయెత్తు కడితే తాయెత్తుకి. తగ్గకపోతే మాత్రం ఖర్చు వేరే పద్దులో రాస్తారు. డాక్టరు సరిగా చూడలేదు, లేదా ఆయుష్షు అంతే. జమలన్నీ ఒక పుస్తకంలో, ఖర్చులన్నీ ఇంకో పుస్తకంలో రాసే గుమాస్తాను ఏ ఆఫీసూ ఒక్క రోజు ఉంచుకోదు. ఇళ్లల్లో మాత్రం తరతరాలుగా ఆ పుస్తకమే నడుస్తోంది.

ఇంకో పద్దు కూడా ఉంది. అది తల్లి పేరున రాస్తారు. "నువ్వే అందరి ముందూ వాడికి అన్నం పెట్టావు, నువ్వే ఫొటోలు పెట్టావు." రాత్రంతా నిద్ర లేక చెంచాతో నీళ్లు పట్టిన మనిషి మీద ఈ ఖర్చు రాయడం అన్యాయం. దిష్టి వల్ల నష్టం లేదనేవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు.

అసలు జమ ఎవరికి దక్కాలో చెబుతాను. మన పేగు గోడలో గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి చేర్చే ఏర్పాటు ఉందని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. ఆ రెండూ వెళ్తే వెనకే నీరు వెళ్తుంది. కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు ఆ శిబిరంలో 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో చనిపోయారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. మన పిల్లలు బతికి బట్టకట్టినందుకు ఆయన పేరు తలుచుకునే ఇల్లు ఎన్ని ఉన్నాయి?

ఉప్పు రెండు చోట్లా ఉంది. తల చుట్టూ తిప్పి నిప్పులో పారేసే గుప్పెడు ఉప్పుకు కొలత లేదు. పొట్లంలోని ఉప్పుకు కొలత ఉంది. లీటరుకు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా పని చేయదు.

"మరి కారణం తెలియని జబ్బుల మాటేమిటి? సైన్సుకు అన్నీ తెలుసా?" అంటారు. తెలియవు. మా ఆఫీసుల్లో ఏ పద్దుదో తేలని మొత్తాన్ని సస్పెన్స్ హెడ్‌లో ఉంచుతాం. తేలేదాకా అక్కడే ఉంటుంది. చేతికందిన పద్దులోకి తోసేస్తే ఆడిట్ ఊరుకోదు. దీనికి అండమాన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 1980ల చివరి నుంచి అక్కడ వానల తర్వాత జ్వరం వచ్చి, దగ్గుతో రక్తం పడి మనుషులు చనిపోయేవారు. కారణం తేలక దాన్ని అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అన్నారు. అది సస్పెన్స్ హెడ్డే. 1990లలో పోర్ట్‌బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం వారు పరీక్షలు చేసి అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి, బురద నుంచి వచ్చే జబ్బు అది. వేళకు ఇస్తే మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది. గాలి సోకిందని రాసేసి పుస్తకం మూసి ఉంటే ఆ మందు ఎవరికి అందేది?

అమ్మమ్మలను, నాయనమ్మలను మాత్రమే అని ఊరుకుంటే మనమూ ఏకపక్షమే. చదువుకున్న తల్లిదండ్రులు మందుల షాపులో ఓఆర్ఎస్ అనే అక్షరాలు చూసి, చక్కెర ఎక్కువగా ఉన్న పళ్లరసం డబ్బాలు కొనేవారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. లేబులు చదవకుండా నమ్మడం కూడా ఒక మూఢనమ్మకమే. దానికి పసుపు కుంకుమలు ఉండవు, అంతే తేడా.

ప్రయాణం కట్టేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. వర్జ్యం చూసే టైములో నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక థర్మామీటరు సంచిలో పెట్టుకోండి. దిగిన చోట ఆసుపత్రి ఎంత దూరమో కనుక్కోండి. పిల్లవాడు మగతగా ఉన్నా, కళ్లు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, గంటల తరబడి ఒంటికి పోయకపోయినా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆగకండి. పడవ, టికెట్టు, తీర్థం అన్నీ వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి. "లంఖణం పరమౌషధం" అని పిల్లవాణ్ణి పస్తు పెట్టకండి.

దిష్టి తీసేవారికి ఒక విన్నపం. ఇకమీదట మీరు కూడా ఒక నోటు పుస్తకం పెట్టండి. తీసిన ప్రతిసారీ తేదీ వేసి రాయండి. తగ్గినవాటితో పాటు తగ్గనివీ, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినవీ, ఇంటికి తిరిగి రానివీ అన్నీ అదే పుస్తకంలో రాయండి. ఏడాది తర్వాత కూడిక తీసి చూద్దాం. ఆ కూడిక ఎలా వచ్చినా ఒప్పుకోవడానికి నేను సిద్ధం. మరి మీరు?